మేరీ టాడ్ లింకన్ బాదం కేకు: ఎవరైనా చేశారా?

ఓవెన్ కబుర్లు:
అబ్రహాం లింకన్ భార్య మేరీ టాడ్ ఇంట్లో చేసేదని చెప్పుకునే తెల్ల కేకును పోయిన ఆదివారం చేశాను. రుచి చాలా బాగుంది, కానీ నడుమ కుంగిపోయింది. చుట్టాలు వచ్చే వేళకి అలా అయ్యేసరికి ఒకటే టెన్షన్. నా కొలతలు ఇవి: మైదా 3 కప్పులు, పంచదార 2 కప్పులు, వెన్న ఒక కప్పు, పాలు ఒక కప్పు, పొట్టు తీసి పొడి చేసిన బాదం ఒక కప్పు, 6 గుడ్ల తెల్లసొన, బేకింగ్ పౌడర్ 3 టీస్పూన్లు, కొంచెం వెనిలా. 175 డిగ్రీల దగ్గర గంట. ఎక్కడ తప్పు చేశాను?

గోదారి గట్టు:
తెల్లసొన ఎలా కలిపారండి? నాకూ మొదటిసారి ఇలాగే కుంగింది. నురగ గట్టిపడేదాకా గిలక్కొట్టి, తీరా పిండిలో పోశాక గరిటెతో జోరుగా తిప్పేశాను. ఉన్న గాలంతా పోయింది. రెండోసారి మూడు విడతలుగా వేసి, అడుగు నుంచి పైకి మెల్లగా మడుస్తున్నట్టు కలిపాను. చక్కగా పొంగింది.
బాదం విషయంలో ఒక మాట. మిక్సీలో అదేపనిగా తిప్పితే నూనె వదిలి ముద్ద అవుతుంది. రెండు చెంచాల మైదా అందులోనే వేసి, ఆపి ఆపి తిప్పండి. మా విజయవాడ ఎండల్లో వెన్న బయట పెట్టిన పావుగంటకే నీళ్లవుతుంది. కరిగిన వెన్న పంచదారతో నురగ రాదు. వేలితో నొక్కితే దిగేంత మెత్తగా ఉంటే చాలు.

పాత పేజీలు:
కేకు సంగతి మీరు చూసుకోండి, నేను మేరీ గురించి చెబుతాను. ఆవిడ పేరెత్తగానే 'పిచ్చిది, దుబారా మనిషి' అని తేల్చేయడం చూస్తే నాకు బాధేస్తుంది.
1818లో కెంటకీలోని లెక్సింగ్టన్‌లో కలిగినవాళ్ల ఇంట పుట్టింది. ఆరేళ్లకే తల్లి పోయింది. ఫ్రెంచి ధారాళంగా మాట్లాడేది. 1842 నవంబరు 4న, స్ప్రింగ్‌ఫీల్డ్‌లో అక్క ఇంట్లో, ఆస్తిపాస్తులు లేని ఒక లాయరును పెళ్లాడింది. నలుగురు కొడుకులు. ఎడ్డీ 1850లో నాలుగేళ్లయినా నిండకుండానే పోయాడు. విల్లీ 1862లో వైట్ హౌస్‌లోనే, పదకొండేళ్లకు. అప్పటికే అమెరికా ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం. లింకన్ ఉత్తరాది పక్షం. తోడబుట్టినవాళ్లలో కొందరు దక్షిణాది సైన్యంలో ఉండటంతో అటు ఉత్తరాదివాళ్లు నమ్మలేదు, ఇటు పుట్టింటివాళ్లు క్షమించలేదు. 1865 ఏప్రిల్ 14 రాత్రి నాటకం చూస్తుండగా పక్కనే కూర్చున్న భర్తను కాల్చారు. 1871లో ఆఖరివాడు థామస్ (ముద్దుపేరు ట్యాడ్) కూడా వెళ్లిపోయాడు, పద్దెనిమిదేళ్లకు.
మిగిలింది పెద్దవాడు రాబర్ట్. 1875లో అతనే అమ్మకు మతి చలించిందని కోర్టుకెక్కాడు. జ్యూరీ ఒక్కరోజులో అవునంది. చికాగో దగ్గరి బటేవియాలోని మానసిక రోగుల ఆశ్రమంలో నాలుగు నెలలు ఉంచారు. మైరా బ్రాడ్‌వెల్ అనే మహిళ, న్యాయశాస్త్రం చదువుకున్న ఆవిడ, పట్టుబట్టి బయటికి తెప్పించింది. 1876లో ఇంకో జ్యూరీ ఆమె మతి బాగానే ఉందని తేల్చింది.
వైట్ హౌస్ సామాన్లకు నాలుగేళ్లకని ఇచ్చిన 20,000 డాలర్లు తొందరగానే దాటించింది, అది నిజం. కానీ ముగ్గురు పిల్లల్నీ, భర్తనూ పోగొట్టుకున్న మనిషిని ఆ ఒక్క లెక్కతో కొలవకూడదు. 1882లో పోయింది, తన పెళ్లి జరిగిన ఆ అక్క ఇంట్లోనే.

చికాగో చలి:
స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వాళ్ల ఇంటికి పోయినేడు పిల్లలతో వెళ్లాం. చికాగో నుంచి కారులో మూడు గంటల పైన. 1844లో కొన్న ఇల్లు, లింకన్ జీవితంలో సొంతం చేసుకున్న ఇల్లు అదొక్కటే. టికెట్ ఉచితం, రేంజరు వెంట ఉండి చూపిస్తారు. అందరూ లింకన్ రాసుకున్న బల్ల దగ్గర ఆగుతారు. నేను వంటగదిలో ఆగిపోయాను. 1860 నాటి ఇనప పొయ్యి, నల్లగా, బరువుగా ఉంది. డిగ్రీలు చూపించే ముల్లు ఉండని రోజులు. నిప్పు మీద చెయ్యి పెట్టి వేడి అంచనా కట్టడమే. అక్కడ నిలబడితే ఆవిడ ఒక ఇల్లాలిగా కనిపించింది నాకు.

పాత పేజీలు:
మీ మాట చదువుతుంటే ఒకటి గుర్తొచ్చింది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన ఫ్రెంచి సేనాని లాఫయెట్ 1825లో లెక్సింగ్టన్ వచ్చినప్పుడు అక్కడి మిఠాయి వ్యాపారి జిరోన్ ఈ కేకు తయారు చేశాడనీ, టాడ్ కుటుంబం ఆ పద్ధతి అడిగి తీసుకుందనీ ఒక కథ ఉంది. మేరీకి అప్పుడు ఆరేళ్లు. నేను దాన్ని కథగానే తీసుకుంటాను. అమెరికాలో బేకింగ్ పౌడర్ దుకాణాల్లోకి వచ్చింది 1850ల తర్వాతే కాబట్టి, మనం వాడే కొలతల్లో కొంత తర్వాత చేరిందే. ఆ రోజుల్లో పొంగించే పని చాలావరకు తెల్లసొనదే అయ్యుంటుంది.

ఓవెన్ కబుర్లు:
గోదారి గట్టు గారూ, మీరన్నట్టే మెల్లగా కలిపి నిన్న మళ్లీ చేశాను. నడుమ గొట్టం ఉన్న టిన్నులో పోశాను. యాభై ఐదు నిమిషాలకి పుల్ల గుచ్చితే పొడిగా వచ్చింది, ఎక్కడా కుంగలేదు. పైన పంచదార పొడి మాత్రం చల్లాను. మా అత్తయ్య రెండు ముక్కలు తిన్నారు. పాత పేజీలు గారు రాసింది ఆవిడకు చదివి వినిపించాను, చాలాసేపు ఏం మాట్లాడలేదు.
ఆరు పచ్చసొనలు ఫ్రిజ్‌లో మిగిలాయి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి పొరటు చేస్తే బాగుంటుందా?

గోదారి గట్టు:
బాగుంటుందండి. రెండు గుడ్లు పూర్తిగా కొట్టి కలపండి, లేకపోతే మరీ పొడిపొడిగా అవుతుంది.