బరంపురంలో 31 వేలా, విశాఖలో 6.6 లక్షల ప్యాకేజీయా?

గిరిరోడ్ వాసి:
అందరికీ నమస్కారం. మాది బరంపురం. ఇక్కడే ఒక ఫైనాన్స్ కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. చేతికి 34 వేలు వస్తుంది. నా బాధ జీతం గురించి కాదు. ఆరింటికి వదలాల్సిన ఆఫీసు ఏ రోజూ ఎనిమిదిలోపు వదలదు, నెలాఖరైతే తొమ్మిదిన్నర. రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి జాతర ఇయర్ ఎండింగ్ మీద పడుతుంది. పోయినసారి ఊరంతా వేషాలు చూస్తుంటే నేను వోచర్లు సర్దుతూ కూర్చున్నాను.

పాప మూడో తరగతి. బడిలో ఇంగ్లీషు, ఒడియా. తెలుగు మేం నేర్పితేనే వస్తుంది. గుణింతాల పుస్తకం కొని క గుణింతం మొదలుపెట్టాం, అక్కడే ఆగింది. నేను ఇల్లు చేరేసరికి పుస్తకం పక్కన పెట్టుకుని నిద్రపోతుంటుంది. మొన్న ఇచ్ఛాపురం అమ్మమ్మగారింటికి వెళ్తే బస్సు మీది పేరు చదవలేక నా మొహం చూసింది. అది నన్ను బాగా కదిలించింది.

ఇప్పుడు రెండు ఆఫర్లున్నాయి. విశాఖలో ఏడాదికి 6.6 లక్షల ప్యాకేజీ, వారానికి రెండు రోజులు ఇంటినుంచే పని అంటున్నారు. ఇక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రి అకౌంట్స్‌లో చేతికి 31 వేలు. మావారి పట్టుచీరల షాపు ఇక్కడే, అది కదలదు. ఇప్పటి కంపెనీలో నాకు జనవరికి ఐదేళ్లు నిండుతాయి. ఏం చెయ్యమంటారు?

పర్లాకిమిడి పెద్దాయన:
అమ్మా, ముందు 6.6 లక్షలను విడగొట్టి చూడు. నెలకి 55 వేలు కదా. బేసిక్ సగం, అంటే 27,500 అనుకుందాం. కంపెనీ వాటా పీఎఫ్ 3,300, గ్రాట్యుటీ (ఐదేళ్లు చేసి మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే సొమ్ము) కింద 1,300 ప్యాకేజీలోనే కలిపేస్తారు. పది శాతం వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చే భాగం) అంటే మరో 5,500, అది ఏడాది చివర వస్తే వచ్చినట్టు. నీ వాటా పీఎఫ్ ఇంకో 3,300. చేతికొచ్చేది సుమారు 41,600. హాస్టలూ రైలు ఖర్చులూ తీసేస్తే ఏం మిగులుతుందో నువ్వే వేసుకో. రెండు కాపురాలు చిన్న ఖర్చు కాదు.

ఇంటినుంచి పని అన్న మాట ఆఫర్ లెటర్‌లో ఉందా? లేకపోతే రేపు మేనేజర్ మారితే అది గాలికి పోతుంది.

ఇంకోటి. జనవరి దాటకుండా మానేయకు. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ వస్తుంది. బేసిక్ 20 వేలుంటే 15/26 లెక్కన, అంటే నెలకి 26 పనిరోజులనుకుని ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున, ఐదేళ్లకి సుమారు 57,700. రాజీనామా ముందే ఇచ్చుకో, చివరి పనిరోజు మాత్రం ఐదేళ్లు దాటాక పడేలా చూసుకో. పీఎఫ్ డ్రా చెయ్యొద్దు, అదే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) మీద బదిలీ పెట్టు. సర్వీసు మొత్తం కలిసి పదేళ్లయితేనే పెన్షన్‌కి అర్హత.

రాయగడ అక్క:
చెల్లీ, నేను ఆసుపత్రి అకౌంట్స్‌లోనే పనిచేశాను. ఆసుపత్రికి ఆదివారం ఉండదు. బిల్లింగ్ కౌంటర్‌లో మనిషి రాకపోతే అకౌంట్స్ వాళ్లనే కూర్చోబెడతారు. ఆయుష్మాన్ కార్డు క్లెయిములు ఎవరు అప్‌లోడ్ చేస్తారో, వెనక్కొచ్చిన క్లెయిములు ఎవరు చూస్తారో అడుగు. ఆ పని నీ నెత్తిన పడితే ఎనిమిదింటికీ ఇంటికి చేరవు. ఇంతకుముందున్న మనిషి ఎందుకు మానేశారని నేరుగా హెచ్‌ఆర్‌నే అడుగు, వాళ్లు నసిగితే మానేసిన మనిషినే వెతికి పట్టుకో. బరంపురంలో అదేం కష్టం కాదు. నెలాఖరున ఏడింటికి ఒకసారి అటు వెళ్లి అకౌంట్స్ గది చూసిరా. ఎంతమంది ఉన్నారో కళ్లతో చూస్తే చాలు, ఇంటర్వ్యూలో చెప్పే మాటలు నేను నమ్మను.

జయపురం నుంచి విశాఖ:
నేను కుటుంబంతో సహా వచ్చేశాను కాబట్టి నాకు కుదిరింది. పాపని వదిలి మీరొక్కరే రావడమైతే వద్దక్కా. ఆదివారం సాయంత్రం మళ్లీ స్టేషన్‌కి బయల్దేరాలి, తెలుగు ఎప్పుడు చెప్తారు?

గిరిరోడ్ వాసి:
పెద్దాయనగారూ, లెటర్ తీసి చూశాను. ఇంటినుంచి పని మాట అందులో లేదు. విశాఖ వాళ్లకి రానని రాసేశాను. ఆసుపత్రి వాళ్లని జనవరి నెలాఖరు దాకా జాయినింగ్ గడువు అడిగాను. అక్కా, ఇంతకుముందు చేసినావిడ బిజీపూర్‌లో ఉంటారట, రేపు వెళ్తున్నాను. క్లెయిముల పని నాది కాదని, వారపు సెలవు ఆదివారమే అని కాగితం మీద రాసిస్తేనే సంతకం పెడతాను. మూడు వేలు తగ్గినా ఫర్వాలేదని మావారు కూడా అన్నారు.