ఆన్‌లైన్ వైట్‌బోర్డు మీద రాసిన ప్రశ్న కనపడకుండా పోయింది, సీజన్‌లో దెబ్బ తిన్నాం. మీ టీముల్లో బోర్డు ఎలా వాడుతున్నారు?

మిర్చి_సాఫ్ట్ (గుంటూరు) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మిర్చి కోల్డ్ స్టోరేజీలకు సాఫ్ట్‌వేర్ చేసే చిన్న టీముకు నేను లీడ్‌ని. మొత్తం ఎనిమిది మందిమి. నేనూ, టెస్టింగ్ చూసే అమ్మాయీ గుంటూరులో ఉంటాం. నలుగురు హైదరాబాద్, ఒక కుర్రాడు విశాఖ, డేటాబేస్ చూసే ఆయన న్యూజెర్సీ. అందరం ఒక గదిలో కూర్చున్నది ఇప్పటికి రెండుసార్లే. అందుకని మాకు బోర్డంటే బ్రౌజర్‌లో తెరుచుకునేదే.

2024 దాకా జామ్‌బోర్డు వాడాం. గూగుల్ ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి దాన్ని చూడటానికి మాత్రమే ఉంచి, డిసెంబర్ 31తో పూర్తిగా ఆపేసింది. పాతవన్నీ పీడీఎఫ్‌లుగా దాచుకుని మిరో అనే ఇంకో ఆన్‌లైన్ బోర్డుకు మారాం. మారిన రోజు అందరికీ సంబరమే. జామ్‌బోర్డులో ఒక ఫైలుకు 20 పేజీలే, ఇక్కడ ఎటు జరిపినా చోటే. ఉచిత ప్లాన్‌లో మార్చుకోగలిగే బోర్డులు మూడే కాబట్టి, ఏడాది పనంతా ఒకే బోర్డు మీద పరుచుకుంటూ పోయాం. అదే మా కొంప ముంచింది.

కోల్డ్ స్టోరేజీ పని తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. రైతు మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, తెస్తాడు. ఒక్కో టిక్కీ 40 నుంచి 45 కిలోలు ఉంటుంది. కాటా వేసి, ఆ సరుకుకు ఒక లాట్ నంబర్ రాసి, ఛాంబర్ అనే చల్లటి గదిలో పెడతారు. రైతు చేతికి బాండ్, అంటే సరుకు ఆయనదని చూపే రసీదు, ఇస్తారు. ఆ బాండ్ తాకట్టు పెట్టి బ్యాంకులో అప్పు తెచ్చుకోవచ్చు. సరుకు లోపల ఉండగానే వ్యాపారికి అమ్ముకోవచ్చు కూడా. అప్పుడు బాండ్ మీద పేరు మారుతుంది. టిక్కీలు ఉన్నచోటే ఉంటాయి, యజమాని మారతాడు. మా సాఫ్ట్‌వేర్‌లో కష్టమంతా ఇక్కడే ఉంది.

నిరుడు డిజైన్ మీటింగ్‌లో విశాఖ కుర్రాడు బోర్డు మీద ఒక పసుపు కాగితం (స్టిక్కీ నోట్) పెట్టాడు: "బాండ్ బ్యాంకులో తాకట్టులో ఉంటే పేరు మార్చొచ్చా?" అతను అప్పటికి టీముకు కొత్త. నలుగురిలో నోరు తెరిచి అడిగే మనిషి కాదు, రాసి ఊరుకున్నాడు. మరుసటి వారం బోర్డు గజిబిజిగా ఉందని మాలో ఒకరు సర్దారు. సర్దుతూ పెద్ద స్క్రీన్ ఫొటో ఒకటి ఆ కాగితం మీదికి జరిపారు. ఎవరూ దాన్ని చెరపలేదు. ఫొటో కింద అలాగే ఉండిపోయింది.

ఈ సీజన్‌లో ఒక కోల్డ్ స్టోరేజీలో తాకట్టులో ఉన్న లాటుకు మా సాఫ్ట్‌వేర్ పేరు మార్చేసింది. 180 టిక్కీలు. కొన్న వ్యాపారి లారీ తెచ్చుకున్నాడు, హమాలీలను పిలిచారు. తీరా చూస్తే బ్యాంకు నుంచి విడుదల కాగితం లేదు, సరుకు కదలడానికి వీల్లేదు. పొద్దున వచ్చిన లారీ చీకటి పడేదాకా గేటు దగ్గరే నిలబడింది. లారీ కిరాయి, హమాలీ కూలి, అన్నీ దండగ. ఆ రైతు నాకు ఫోన్ చేసి, "అమ్మా, తాకట్టు సంగతి దాచి అమ్మానని అందరూ నన్ను అంటున్నారు" అన్నాడు. ఆయన చేసిన తప్పేమీ లేదు. తప్పు మా టీముది.

ఎక్కడ జారిందా అని బోర్డంతా తిరగేస్తే ఫొటో కింద ఆ పసుపు కాగితం దొరికింది. ఏడాది ముందే మాలో ఒకరికి ఈ సందేహం వచ్చింది. అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు.

మేం టూల్ మార్చుకోవాలా, పద్ధతి మార్చుకోవాలా? బోర్డు మీద పుట్టిన ప్రశ్న పనుల జాబితాలోకి చేరేదాకా మీ దగ్గర ఎవరు చూస్తారు?

ఇంకొకటి. కోల్డ్ స్టోరేజీ గుమాస్తా గారు మా మీటింగులకు ఫోన్‌లోనే వస్తారు. ముప్పై ఏళ్ల అనుభవం ఆయనది. ఫోన్‌లో బోర్డు తెరిస్తే చీమల బారులా కనపడుతోందని మూసేస్తారు. ఈ పని గురించి మా ఎనిమిది మందికి కలిపి తెలిసింది ఆయనకు తెలిసిన దాంట్లో సగం ఉండదు. అయినా బోర్డు మీద ఆయన మాట ఒక్కటీ లేదు.

---

కూకట్‌పల్లి_కోడర్

మేడమ్, ముందు టూల్ సంగతి చెబుతాను. మిరో మంచిదే, మార్చాల్సిన అవసరం నాకు కనపడటం లేదు. మీకు ఇబ్బంది వచ్చింది మూడు బోర్డుల లెక్క దగ్గర. ఆ లెక్కకు భయపడి అన్నీ ఒకే దాంట్లో కుక్కారు. డబ్బు కట్టే ప్లాన్ తీసుకుని, ఒక్కో అంశానికి ఒక్కో బోర్డు పెట్టుకోండి. లేదంటే అంశం ముగిసిన రోజే బోర్డును పీడీఎఫ్‌గా దించి, ఖాళీ చేసి వాడుకోండి. ఫిగ్మా వాళ్ల ఫిగ్‌జామ్ కూడా చూడొచ్చు. 2021లో వచ్చింది, కొత్తవాళ్లకు త్వరగా అలవాటవుతుంది.

మా టీములో రెండు రకాలుగా వాడతాం. పది నిమిషాల చర్చకు ఎక్స్‌కాలిడ్రా. ఖాతా అక్కర్లేదు, లింకు పంపితే చాలు. అది ఓపెన్ సోర్స్. కలిసి గీసేటప్పుడు బొమ్మ ఎన్‌క్రిప్ట్ అయ్యే, అంటే బయటివాళ్లు చదవలేని రూపంలోనే, వెళ్తుంది. తాళం చెవి లింకులో హ్యాష్ గుర్తు తర్వాత ఉంటుంది, అది సర్వర్‌కు చేరదు. అంటే లింకు ఎవరి చేతిలో ఉంటే వాళ్లకు బోర్డు తెరుచుకుంటుంది, కాబట్టి పెద్ద వాట్సాప్ గ్రూపుల్లో పడేయకండి. పని అయ్యాక ఫైలుగా దాచుకోవడం మర్చిపోవద్దు. బ్రౌజర్ డేటా తుడిస్తే మీ దగ్గరున్న బొమ్మ కూడా పోతుంది. తెలుగులో రాస్తే అక్షరాలు దాని చేతిరాత ఫాంటులో రావు, మీ కంప్యూటర్‌లో ఉన్న తెలుగు ఫాంటులో వస్తాయి. ఒకరి దగ్గర డబ్బాలో సరిపోయిన మాట ఇంకొకరి దగ్గర బయటికి రావచ్చు. డబ్బాలు కొంచెం వెడల్పుగా గీయండి.

ఫొటో కింద కాగితం పోవడానికి మందు చిన్నదే. బోర్డు మీద ఏ ఫొటో పెట్టినా పెట్టిన వెంటనే లాక్ చేయండి. లాక్ చేస్తే చెయ్యి తగిలినా జరగదు.

మీరు అడగకపోయినా ఒక మాట. రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, బాండ్ ఫొటోలు బోర్డు మీద పెట్టకండి. "రైతు ఒకటి, లాట్ రెండు" అని రాసుకుంటే సరిపోతుంది.

---

చార్ట్‌పేపర్_మాస్టారు

అమ్మాయ్, నువ్వు గుంటూరులోనే ఉన్నావు కదా. గుమాస్తా గారిని ఫోన్‌లో కూర్చోబెట్టడం ఎందుకు? చార్ట్ పేపర్లు, స్కెచ్ పెన్నులు పట్టుకుని కోల్డ్ స్టోరేజీకే వెళ్లు. మేలో మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇచ్చాక ఆయనకు కాస్త తీరిక ఉంటుంది. గోడకు కాగితం అంటించి, గేటు దగ్గర మొదలుపెట్టి సరుకు ఎటు పోతే అటు ఆయన వెంట నడువు. ఆయన చూపించేది చూడు. కాటా దగ్గర చెప్పే మాట వేరు, ఆఫీసు గదిలో చెప్పే మాట వేరు. తర్వాత ఆ కాగితం ఫొటో తీసి మీ బోర్డులో పెట్టుకోండి. నేను నలభై ఏళ్లు ఫ్యాక్టరీల్లో పని చేశాను. పని జరిగే చోట నిలబడకుండా గీసిన ఏ బొమ్మనూ నేను నమ్మను.

---

బెంగళూరు_తెలుగమ్మాయి

మాస్టారు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. వెళ్లి వచ్చాక మిగతా ఆరుగురితో బోర్డు మీద ఎలా చేయాలో నేను చెబుతాను. మా దగ్గర ఇలాంటి మీటింగులు నెలకు రెండుసార్లు నడిపించేది నేనే.

మీ కథ చదువుతుంటే ఈవెంట్ స్టార్మింగ్ గుర్తొచ్చింది. ఇటలీకి చెందిన అల్బెర్టో బ్రాండోలిని తెచ్చిన పద్ధతి. జరిగిన ప్రతి సంగతినీ ఒక నారింజ కాగితం మీద, జరిగిపోయినట్టు రాయాలి. "టిక్కీలు దించారు." "కాటా వేశారు." "బాండ్ ఇచ్చారు." "పేరు మారింది." ఎడమ నుంచి కుడికి కాలక్రమంలో పేర్చాలి. సందేహం ఏది వచ్చినా గులాబీ కాగితం. ఆ రంగు ఇంక దేనికీ వాడకూడదు. మీ కుర్రాడి ప్రశ్న పసుపు రంగులో ఉంది, మిగతా కాగితాలు కూడా పసుపే అయ్యుంటాయి. అందుకే అది ప్రశ్న అని ఎవరి కంటికీ ఆనలేదు.

తెలుగులో రాయండి, దయచేసి. మేం మొదట్లో ఇంగ్లిష్‌లో రాసేవాళ్లం. మీ పనిలో అయితే "బాండ్ ట్రాన్స్‌ఫర్" అని ఒక కాగితం పెడితే అందరూ తల ఊపేస్తారు. అదే "బాండ్ మీద పేరు మార్చారు" అని రాస్తే వెంటనే "ఎవరు మార్చారు?" అని అడగాలనిపిస్తుంది. మన వాక్యంలో చేసినవాళ్ల పేరు చెప్పకపోయినా చెల్లిపోతుంది కదా, ఆ ఖాళీలోనే తప్పులు దాక్కుంటాయి. అందుకని ప్రతి నారింజ కాగితం పక్కన చిన్న పసుపు కాగితం మీద మనిషిని రాయండి: గుమాస్తా, రైతు, వ్యాపారి, బ్యాంకు.

మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. మైకులు ఆపేసి అందరూ రాయాలి. లీడ్ కూడా. మీటింగ్‌లో ముందు మాట్లాడిన మనిషి ఎటు లాగితే మిగతావాళ్లు అటు వెళ్లిపోతారు. మౌనంగా రాస్తున్నప్పుడు విశాఖ కుర్రాడికీ, న్యూజెర్సీ ఆయనకూ ఒకే బరువు ఉంటుంది. ఈ ఒక్కటి చేసినా మీ టీము మారిపోతుంది, నేను కళ్లారా చూశాను. రాసింది పైకి చదివేటప్పుడు కొత్తవాళ్లతో మొదలుపెట్టండి, పెద్దవాళ్లను చివర ఉంచండి.

గుమాస్తా గారిని బోర్డు తెరవమని అడగొద్దు. ఆయన మామూలు ఫోన్ కాల్‌లో మాట్లాడతారు, మీ టెస్టింగ్ అమ్మాయి ఆయన పక్కన కూర్చుని ఆయన మాటను ఆయన మాటల్లోనే కాగితం మీద పెడుతుంది. పెట్టాక చదివి వినిపించాలి. "అలా కాదమ్మా" అని ఆయన అనేదాకా చదవాలి. అక్కడి నుంచే అసలు సంగతి బయటికొస్తుంది.

పనుల జాబితా సంగతి. మీటింగ్ చివరి పదిహేను నిమిషాలు గులాబీ కాగితాలకే. ఒక్కో దానికి ఒక మనిషి పేరు, ఒక తేదీ. అందరూ చూస్తుండగానే జాబితాలో పని తెరిచి, ఆ నంబర్ గులాబీ కాగితం మీద రాయాలి. నంబర్ లేని గులాబీ కాగితం బోర్డు మీద ఉన్నంతసేపు మీటింగ్ అయిపోయినట్టు కాదు. మా దగ్గర ఒకసారి దీనికోసం నలభై నిమిషాలు అదనంగా కూర్చున్నాం. విసుక్కున్నవాళ్లు ఉన్నారు, అయినా వదల్లేదు. సర్దే పని కూడా మీటింగ్‌లో అందరి ముందే చేయండి, తర్వాత ఒంటరిగా ఎవరూ బోర్డును ముట్టుకోకూడదు.

---

మిర్చి_సాఫ్ట్ (మూడు వారాల తర్వాత)

అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. చేశాం.

మాస్టారు గారూ, మీరు చెప్పినట్టే ముందు మేమిద్దరం కోల్డ్ స్టోరేజీకి వెళ్లాం. గేటు నుంచి ఛాంబర్ దాకా గుమాస్తా గారి వెంట నడిచాం. రెండు చార్ట్ పేపర్లు నిండాయి. తర్వాత శనివారం సాయంత్రం ఏడు గంటలకు, న్యూజెర్సీలో పొద్దున తొమ్మిదిన్నరకు, కొత్త బోర్డు మీద కూర్చున్నాం. అందులో బాండ్ సంగతి తప్ప ఇంకేమీ లేదు. టెస్టింగ్ అమ్మాయి కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో ఆయన పక్కనే ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది.

పది నిమిషాల మౌనంలో 43 నారింజ కాగితాలు పడ్డాయి, 11 గులాబీవి. ఆ పదకొండులో నాలుగు విశాఖ కుర్రాడివే. మొదట చదివింది కూడా అతనే.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. ఆ లారీ గొడవ అయ్యాక మేం చేసిన మరమ్మతు ఏమిటంటే, తాకట్టులో ఉన్న లాటుకు పేరు మార్చడం పూర్తిగా ఆపేశాం. అంతటితో సరిపోయిందనుకున్నాను. బోర్డు మీద "పేరు మారింది" అన్న కాగితం చదివి వినిపించగానే గుమాస్తా గారు, "అలా కాదమ్మా. బ్యాంకు అప్పు తీర్చడానికే రైతు సరుకు అమ్ముతాడు. అమ్మకుండా డబ్బు ఎక్కడి నుంచి తెస్తాడు? మీరు ఆపేస్తే వాడు ఎటు పోతాడు?" అన్నారు.

అందరం ఒక నిమిషం మాట్లాడలేదు. మేం ఒక తప్పు దిద్దబోయి, రైతుకు ఉన్న ఒక్క దారి మూసేశాం.

ఆయన చెబుతుంటే ఆ అమ్మాయి కాగితాలు పెడుతూ పోయింది. బేరం కుదిరింది. వ్యాపారి డబ్బు ముందు బ్యాంకులో కట్టాడు. బ్యాంకు విడుదల కాగితం ఇచ్చింది. పాత బాండ్ వెనక్కి వచ్చింది. పేరు మారింది. మిగిలిన డబ్బు రైతుకు అందింది. మేం ఒక్క బటన్‌గా చేసిన పనిలో ఇన్ని మెట్లు ఉన్నాయి. "బేరం కుదిరింది"కీ "పేరు మారింది"కీ మధ్య కొన్ని రోజులు పట్టొచ్చు, ఆ రోజుల్లో లాటు ఎవరిదో తెరమీద స్పష్టంగా కనపడాలి. లాటులో సగమే అమ్మితే బాండ్ రెండుగా చేయాలి, తాకట్టు ఏ సగం మీద ఉంటుందన్నది ఇంకో గులాబీ కాగితం. అది న్యూజెర్సీ ఆయన తీసుకున్నారు.

పదకొండింటికీ నంబర్లు పడ్డాయి. రెండు గంటల మీటింగ్ మూడు గంటలైంది. గుమాస్తా గారు చివరిదాకా ఉన్నారు, మధ్యలో టీ తెప్పించి మా అమ్మాయికి కూడా ఇప్పించారట.

ఆ రైతుకు కూడా ఫోన్ చేసి, తాకట్టు సంగతి ఆయన దాచలేదనీ, పొరపాటు మా సాఫ్ట్‌వేర్‌దేననీ వ్యాపారికి రాతపూర్వకంగా చెప్పామని చెప్పాను.

బెంగళూరు అమ్మాయి గారూ, ఒక్క సందేహం మిగిలింది. ఏడాది నాటి ఆ పాత బోర్డును ఏం చేయమంటారు? తీసేయాలంటే మనసు రావడం లేదు. అలా ఉంచితే మళ్లీ అందులో ఎవరో ఒకరు రాస్తారు.

---

బెంగళూరు_తెలుగమ్మాయి

తీసేయకండి. ఒక గంట కేటాయించుకుని ఇద్దరు కూర్చుని ప్రతి ఫొటోనూ పక్కకు జరిపి చూడండి, కింద ఇంకా ఏమైనా ఉండొచ్చు. దొరికిన ప్రశ్నలన్నీ కొత్త బోర్డులోకి గులాబీ రంగులో ఎక్కించండి. ఆ తర్వాత మొత్తం లాక్ చేసి, మీ ప్లాన్‌లో కుదిరితే అందరికీ చూసే అనుమతి మాత్రమే ఉంచండి.

---

మిర్చి_సాఫ్ట్

రేపే కూర్చుంటాం. విశాఖ కుర్రాడు తనూ ఉంటానన్నాడు.