ఫ్లాపీ నిజంగా 1.44 ఎంబీనా? పద్దులో ఏ అంకె రాయాలి?

మూడులాంతర్లు (విజయనగరం):
తొంభైల్లో మా డీటీపీ షాపులో వాడిన మూడున్నర అంగుళాల ఫ్లాపీలు 212 మిగిలాయి. సిరిమాను పండగ కరపత్రాలు, శుభలేఖలు, బడి ప్రశ్నపత్రాలు, అన్నీ పేజ్‌మేకర్ ఫైళ్లే. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ కొని ఒక్కోదాన్నీ ఇమేజ్ ఫైలుగా, అంటే డిస్క్ మొత్తాన్నీ ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా, కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. మా అన్నయ్య కొడుకు ఎక్సెల్‌లో పద్దు రాస్తున్నాడు.

లేబుల్ మీదున్న 1.44 ఎంబీని వాడు, ఎంబీకి 1,024 కేబీ, కేబీకి 1,024 బైట్ల చొప్పున 1,024తో రెండుసార్లు గుణించి, డిస్క్‌కి 15,09,949 బైట్లు రావాలన్నాడు. వచ్చిన ప్రతి ఫైలూ 14,74,560 దగ్గరే ఆగింది. ఒక్కోదాంట్లో 35 వేల బైట్లు పోయాయని టెన్షన్ పడి, చదివేసిన నలభై డిస్కుల్నీ మళ్లీ పెట్టాం. రెండోసారి తిరిగేటప్పుడు మూడు డిస్కులు గరగరమని పోయాయి. మొదట తీసిన కాపీలు చెరపలేదు కాబట్టి సరిపోయింది.

అసలు పోయిందేమీ లేదు. డిస్క్‌కి రెండు వైపులు, వైపుకి 80 ట్రాకులు (గుండ్రటి వరసలు), ట్రాకుకి 18 సెక్టార్లు (ముక్కలు), సెక్టారుకి 512 బైట్లు. గుణిస్తే సరిగ్గా 14,74,560. దాన్ని 1,024తో భాగిస్తే 1,440 కేబీ. అక్కడిదాకా లెక్క శుభ్రంగా ఉంది. తర్వాత ఆ 1,440ని 1,024తో కాకుండా వెయ్యితో భాగించి 1.44 ఎంబీ అన్నారు. ఒక కుంచంతో కొలిచి, ఇంకో ఊరి కుంచం లెక్కన పద్దు రాసినట్టు! రెండుసార్లూ 1,024 అయితే 1.406, రెండుసార్లూ వెయ్యి అయితే 1.475. 1.44 ఏ లెక్కలోనూ రాదు. అందుకని పద్దులో ఆ అంకె ఉండనే కూడదంటాను.

చీపురుపల్లి:
ఒప్పుకోను మాస్టారూ. 720 కేబీ డిస్కుకి రెట్టింపు పట్టేది వచ్చింది, 1,440 అయింది, 1.44 అని పిలిచారు. అది కొలత కాదు, పేరు. షాపుకెళ్లి ముప్పావు పైపు అడుగుతాం. స్కేలు పెట్టి చూస్తే సరిగ్గా ముప్పావు ఉండదు. అయినా ఇచ్చేవాడికీ తెలుసు, బిగించేవాడికీ తెలుసు. రేపు మీ పద్దు చూసేవాళ్లకి 1.406 అని కనిపిస్తే ఇదేదో వేరే రకం డిస్క్ అనుకుంటారు.

మూడులాంతర్లు:
పైపు పేరు పట్టుకుని ట్యాంకులో నీళ్లు లెక్కకట్టం కదా తమ్ముడూ. ఫ్లాపీ దగ్గర అదే జరుగుతోంది. మా 212 డిస్కుల మొత్తం 31,26,06,720 బైట్లు. మీ పేరుతో గుణిస్తే 305 ఎంబీ. 1,024 లెక్కన 298. వెయ్యి లెక్కన 312.6. డిస్కులు అవే!

నాగావళి (శ్రీకాకుళం):
మాస్టారి లెక్క సరైనదే. కానీ 1.406 కూడా ఇప్పటివాళ్లకి ఇవ్వకూడదు. 1998లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1,024 లెక్కకి కిబి, మెబి అని వేరే పేర్లు పెట్టింది. కిలో, మెగా అంటే వెయ్యి లెక్కే. పెన్‌డ్రైవ్‌లు అమ్మేదీ ఆ లెక్కనే. 16 జీబీది విండోస్‌లో 14.9 అని కనిపించేది ఇందుకే, విండోస్ ఇంకా 1,024తో భాగిస్తుంది. ఒక జీబీలో ఎన్ని ఫ్లాపీలు పడతాయని అడిగితే వెయ్యి లెక్కన 678, 1,024 లెక్కన 728. 1,024ని 1.44తో భాగించి 711 అనేవాళ్లూ ఉన్నారు, అది తప్పు.

ఇంకొకటి. డిస్క్‌లోని 2,880 సెక్టార్లలో మొదటి బూట్ సెక్టారుకి 1, ఏ ఫైలు ఎక్కడుందో గుర్తుపెట్టే ఫ్యాట్ పట్టికలకి 18, ఫైళ్ల పేర్లుండే రూట్ డైరెక్టరీకి 14 పోతాయి. ఫైళ్లకి మిగిలేది 14,57,664 బైట్లు. పద్దులో ఏది రాస్తున్నారో తేల్చుకోండి.

డిస్క్ పెట్టే ముందు లోహపు రేకు పక్కకి జరిపి, మధ్య చక్రాన్ని వేలితో మెల్లగా తిప్పి చూడండి. గోధుమరంగు పొర మీద తెల్లటి మచ్చలు కనిపిస్తే అది బూజు. మన తేమకి పట్టేస్తుంది. అలాంటిది డ్రైవ్‌లో పెడితే డిస్క్‌ని చదివే హెడ్‌కి అంటుకుని, తర్వాత పెట్టే మంచి డిస్కుల్నీ గీసేస్తుంది. మీ మూడు డిస్కులు దీనివల్లే పోయాయేమో చూడండి.

మూడులాంతర్లు:
చూశానమ్మా. మూడింట్లో రెండింటికి బూజే. డ్రైవ్ హెడ్ తుడిచి మళ్లీ మొదలుపెడతాను. పద్దులో బైట్లే రాస్తాం, ఇమేజ్ ఫైలుకి కనుక 14,74,560.

చీపురుపల్లి:
బైట్లు రాయండి, కాదనను. రకం అనే గడిలో మాత్రం 1.44 ఉండాల్సిందే మాస్టారూ. పదేళ్ల తర్వాత ఎవరైనా వెతికేది ఆ పేరుతోనే.

మూడులాంతర్లు:
రకం గడిలో పెడతాను. పక్కన ఎంబీ అని మాత్రం రాయను.

ఆమదాలవలస:
మా నాన్నగారి బీరువాలో ఐదుంబావు అంగుళాలవి కొన్ని దొరికాయి. 1.2 ఎంబీ అని కొన్నిటి మీద, 360 కేబీ అని కొన్నిటి మీద ఉంది. వీటి సంగతేంటి?

నాగావళి:
1.2 కూడా ఆ కలగాపులగపు లెక్కే. 80 ట్రాకులు, 15 సెక్టార్లు, రెండు వైపులు: 12,28,800 బైట్లు, అంటే 1,200 కేబీ. 360 మాత్రం సరైన అంకె, 40 ట్రాకులు, 9 సెక్టార్లు, 3,68,640 బైట్లు. లోపం చూపకుండా ఆ అంకెలు వచ్చాయంటే కాపీ పూర్తయినట్టే. డిస్క్‌ని మళ్లీ తిప్పొద్దు.