పాత వీసీఆర్, హ్యాండీక్యామ్ ఇప్పుడు కొనొచ్చా? (వరంగల్, చుట్టుపక్కల వాళ్లు చెప్పండి)

హనుమకొండ తమ్ముడు: అక్క పెండ్లి వీహెచ్ఎస్ క్యాసెట్లు, మామ దుబాయ్ నుంచి తెచ్చిన చిన్న క్యాసెట్లు ఇంట్లో ఉన్నాయి. కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. సెకండ్‌హ్యాండ్‌లో ఏం చూసి కొనాలి?

కాజీపేట జంక్షన్: ముందు చిన్న క్యాసెట్ల మీద ఏం రాసుందో చూడు తమ్మీ. వీడియో8, హై8 అయితే సోనీ డిజిటల్8 హ్యాండీక్యామ్ వెతుకు. వాటిలో కొన్ని మోడళ్లు ఆ పాత క్యాసెట్లను కూడా ఆడించి, ఫైర్‌వైర్‌లో (కంప్యూటర్‌కి కలిపే ఒక రకం పాత కేబుల్) నేరుగా డిజిటల్‌గా ఇస్తాయి. అన్నీ కాదు, మాన్యువల్ చూసుకున్నాకే డబ్బులివ్వు. వీహెచ్ఎస్-సీ అయితే అడాప్టర్‌లో పెట్టి వీసీఆర్‌లోనే ఆడించొచ్చు. వీడియో8, హై8 లాంటి 8 ఎంఎం క్యాసెట్లకి అలాంటి అడాప్టరే లేదు, ఉందని ఎవరైనా అమ్మితే నమ్మకు.

పరకాల వీడియో: 90ల్లో భుజం మీద పానాసోనిక్ మోసి పెండ్లిళ్లు తీసినవాణ్ణి. వీసీఆర్ ఆన్ అయితే సరిపోదు. పోయినా పర్లేదనుకునే క్యాసెట్ ఒకటి వెంట తీసుకెళ్లి ప్లే, రివైండ్, ఎజెక్ట్ అన్నీ చేయించు. రివైండ్ మధ్యలో ఆగితే చాలాసార్లు బెల్టో, ఐడ్లరో (టేపు చుట్టల్ని తిప్పే చిన్న చక్రం) పోయినట్టే, అది చిన్న పనే. మాట బాగా వినబడుతూ బొమ్మ నిండా చుక్కలుంటే హెడ్‌కి (టేపు మీది బొమ్మని చదివే భాగం, తిరిగే డ్రమ్ము మీద ఉంటుంది) మురికి. పోగులు రాలని గుడ్డకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది, హెడ్డుకి ఆనించి పట్టుకుని డ్రమ్మునే మెల్లగా తిప్పాలి. పైకీ కిందికీ రుద్దితే హెడ్ విరుగుతుంది, ఇయర్‌బడ్ అసలే వద్దు. అయినా చుక్కలు పోలేదా, హెడ్ అరిగినట్టే, ఆ బేరం వదిలెయ్. చివరిదాకా తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ వాళ్లు కూడా 2016లో వీసీఆర్‌లు ఆపేశారు, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి?

ఇంకోటి, బూజు. క్యాసెట్ కిటికీలోంచి టార్చి కొట్టు. టేపు చుట్ట అంచున తెల్లగా పొడిలా కనిపిస్తే మెషిన్‌లో పెట్టకు, తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కీ అంటుతుంది.

జగిత్యాల అన్న: మా దిక్కు గల్ఫ్ నుంచి తెచ్చిన డెక్కులు ఇంకా ఇళ్లలో ఉన్నాయి, అడిగి చూడు. పాల్, సెకామ్, ఎన్టీఎస్‌సీ (దేశాన్ని బట్టి మారే వీడియో పద్ధతులు) మూడూ ఆడేవి దొరుకుతాయి. ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చే జపాన్ క్యామెరాలు మాత్రం ఎన్టీఎస్‌సీవి, మన పాల్ టేపులకు పనికిరావు.

కేయూ కుర్రోడు: నేనైతే షూట్ చేయడానికే మినీ డీవీ (చిన్న డిజిటల్ క్యాసెట్ల) క్యామెరా కొన్నా. వేయిస్తంభాల గుడి దగ్గర చీకటిపడ్డాక తీస్తే ప్రతి లైటుకీ పైనుంచి కిందికి నిలువు గీత పడుతుంది, లోపలి సీసీడీ సెన్సర్ మహిమ! గంట టేపుకి 13 జీబీ దాకా అవుతుంది. బ్యాటరీ ఎన్‌పీ-ఎఫ్ రకం పట్టే మోడల్ చూసుకోండి. పెండ్లి వీడియోలకి వాడే ఎల్ఈడీ లైట్లకీ అదే కాబట్టి కొత్తది ఈజీగా దొరుకుతుంది.

పరకాల వీడియో: ఆ గీతలకే మేం పెండ్లివాళ్లతో తిట్లు తిన్నాం బాబూ.

హనుమకొండ తమ్ముడు: చిన్నవి హై8 అని ఉంది. టార్చి కొడితే పెండ్లి క్యాసెట్లలో ఒకదాని అంచు తెల్లగా ఉంది. డిజిటల్8కి యూఎస్‌బీ వైరు చాలదా?

కాజీపేట జంక్షన్: చాలదు. యూఎస్‌బీ ఉన్నా చాలావాటిలో ఫొటోలకో, నాసిరకం వీడియోకో పనికొస్తుంది. డెస్క్‌టాప్‌లో ఫైర్‌వైర్ కార్డు వేయించు. వీసీఆర్‌కైతే బొమ్మని డిజిటల్‌గా మార్చి కంప్యూటర్‌కిచ్చే యూఎస్‌బీ క్యాప్చర్ డబ్బా చాలు. తెల్లగా ఉన్నదాన్ని విడిగా కవర్లో కట్టి పెట్టు, మిగతావన్నీ ఎక్కించాక దాని సంగతి చూద్దాం.