108 అంబులెన్సుల టెండర్: ట్రస్టులతో కంపెనీలు పోటీ పడొచ్చా?

కృష్ణాతీరం:
పడకూడదు అంటాను. 108 మొదలైంది 2005 ఆగస్టు 15న, హైదరాబాద్‌లో, ఈఎంఆర్‌ఐ అనే లాభాపేక్ష లేని సంస్థ చేతుల్లో. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ అదే సంస్థతో సాగింది. ఆంధ్రలో 2017 చివర్లో పుణె కంపెనీ బీవీజీ చేతికి వెళ్లింది. ప్రాణాలు కాపాడే పనికి రేటు పోటీ పెడితే, తగ్గించిన రూపాయి టైర్ల దగ్గరో, ఆక్సిజన్ దగ్గరో, జీతాల దగ్గరో కోత పడుతుంది.

లెక్కలమాస్టారు:
ఈఎంఆర్‌ఐని పెట్టింది సత్యం రామలింగరాజు. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడగానే 108 ఏమవుతుందోనని అందరికీ టెన్షన్. ఆ తర్వాత దాన్ని నడపడానికి జీవీకే అనే వ్యాపార సంస్థ వచ్చింది. ట్రస్టు అయినా ఒక పెద్దింటి మీదే ఆధారపడిందిగా! డీజిల్‌కి, జీతాలకి ఎక్కువ డబ్బు ఖజానాదే.

కృష్ణాతీరం:
యజమాని మారినా బండ్లు ఆగలేదండి.

లెక్కలమాస్టారు:
డీజిల్ డబ్బు ప్రభుత్వం ఇచ్చింది కాబట్టి ఆగలేదు.

పల్నాడుపిల్ల:
మా నాన్నకి గుండెనొప్పి వస్తే ప్రైవేటు అంబులెన్సు పిలిచాం. మేం చెప్పిన ఆసుపత్రికి కాకుండా వాళ్లకి కమీషన్ వచ్చే చోటికి తీసుకెళ్లారు. లాభం చూసుకునేవాళ్లని నేను నమ్మను.

లెక్కలమాస్టారు:
బాధాకరమే అమ్మా. కానీ దానికీ టెండర్‌కీ సంబంధం లేదు. దగ్గర్లో ఉన్న తగిన ఆసుపత్రికే తీసుకెళ్లాలని ఒప్పందంలో రాయాలి, తప్పితే జరిమానా వేయాలి.

రాత్రిడ్యూటీ:
ఇంతసేపు మాట్లాడారు, బండిలో ఉండే ఈఎంటీ (రోగికి అత్యవసర చికిత్స చేసే మనిషి), పైలట్ (డ్రైవర్) ఎలా బతుకుతారో ఎవరూ అడగలేదు. నేను ఒక ధర్మాసుపత్రిలో నర్సుగా చేశాను. జీతం పెంచమంటే "ఇది సేవ తల్లీ" అనేవారు. మేనేజర్ల కార్లు మాత్రం మారేవి. సేవ పేరు చెప్పి మా కడుపు కొట్టొద్దు.

కృష్ణాతీరం:
ఒక్క ఆసుపత్రిని చూసి ట్రస్టులన్నిటినీ తిడతారా? నా భయం వేరు. పాడేరు పైన గర్భిణుల్ని డోలీలో మోసుకొచ్చే గూడేలున్నాయి. లాభం రాని ఆ దారికి కంపెనీ ఎందుకు బండి పెడుతుంది?

లెక్కలమాస్టారు:
అలాంటి కొండ ప్రాంతాల బండికి ఎక్కువ రేటు ఇవ్వండి, పెడుతుంది. ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి బండి చేరేదాకా ఎంతసేపు పట్టిందో మండలాల వారీగా బయటపెట్టమనండి.

కృష్ణాతీరం:
ప్రభుత్వం అంత గట్టిగా చూస్తుందని మీ నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు. ఎవరూ అడగకపోయినా పని చేసే సంస్థ కావాలంటున్నాను.

రాత్రిడ్యూటీ:
ఎవరూ అడగకపోతే ట్రస్టులో ఏం జరుగుతుందో ఇప్పుడే చెప్పాను కదండీ! ఈఎంటీ, పైలట్ల కనీస జీతం టెండర్‌లోనే రాసి, మిగతా దాని మీద పోటీ పెట్టమనండి. ఒప్పుకుంటారా ఇద్దరూ?

లెక్కలమాస్టారు:
జీతానికి ఒప్పుకుంటాను. ట్రస్టులకి విడిగా దారి వేయడానికి మాత్రం ఒప్పుకోను.