మా వాడు వారంలో మూడు కిలోలు తగ్గాలట, అత్తమ్మ మాత్రలు కనబడట్లేదు

కరీంనగర్ అమ్మ:
నమస్తే. మా అబ్బాయికి పదహారేళ్లు, కుస్తీ ఆడతాడు. వచ్చే ఆదివారం అండర్-17 సెలక్షన్స్. వాడి బరువు 54.4. ఆడతానంటున్నది 51 కిలోల్లో. మూడు రోజులుగా అన్నం ముట్టట్లేదు, గుడ్డులో తెల్లసొన తప్ప. నిన్న మిట్టమధ్యాహ్నం వాడు వాళ్ల నాన్న రెయిన్‌కోటు వేసుకుని, దాని మీద స్వెట్టర్ వేసుకుని డాబా మీద స్కిప్పింగ్ చేస్తుంటే పక్కింటావిడ వచ్చి "మీ వాడికి ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగిపోయింది.

ఆటలో ఇదంతా మామూలేనని ఊరుకునేదాన్ని. కానీ మా అత్తమ్మకు కాళ్ల వాపు. నీరు పోవడానికి డాక్టరు రాసిన మాత్రలు వేసుకుంటుంది. రాత్రి స్ట్రిప్పులో నాలుగు తక్కువున్నాయని గొడవ. ఆమె లెక్క ఎప్పుడూ తప్పదు. వీడినడిగితే "నాకేం తెలుసు" అన్నాడు గానీ మొహం చూడలేదు. ఆ మాత్రతో ప్రమాదమా? వాళ్ల సార్‌కి చెబితే సెలక్షన్ పోతుందేమోనని టెన్షన్.

మందుల షాపు:
మేడమ్, స్ట్రిప్పు వెనక చూడండి, ఫ్యూరోసెమైడ్ అని ఉంటుంది బహుశా. అది ఒంట్లోని ఉప్పునీ నీళ్లనీ కిడ్నీల గుండా తోడేస్తుంది. దాంతోపాటు పొటాషియం కూడా పోతుంది. ఒంట్లో వాపున్న పెద్దావిడకి అది మందు. తిండీ నీళ్లూ మానేసి చెమటలు కక్కుతున్న పిల్లాడికి మాత్రం కండరాలు పట్టేయడం దగ్గర్నుంచి గుండె లయ తప్పడం దాకా ఏదైనా కావచ్చు. ఇవాళే డాక్టరుకి చూపించి, మాత్రల సంగతి దాచకుండా చెప్పండి. రక్తంలో లవణాల పరీక్ష చేస్తారు. కళ్లు తిరిగినా, గుండె దడదడలాడినా, మూత్రం రాకపోయినా ఆదివారం దాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి.

ఇంకో సంగతి. ఈ మాత్ర వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధిత జాబితాలో ఉంది, పోటీలున్న రోజుల్లోనే కాదు, ఏడాది పొడుగునా. బరువు దించుతుందని ఒకటి, మూత్రాన్ని పలచన చేసి వేరే మందుల జాడ దాచేస్తుందని ఇంకొకటి. "నానమ్మ మాత్రే కదా" అంటే వినరు. ఒంట్లో దొరికిందానికి ఆటగాడిదే బాధ్యత. 2016లో రియో ఒలింపిక్స్ ముందు మన రెజ్లర్ నర్సింగ్ యాదవ్ ఒంట్లో స్టెరాయిడ్ దొరికితే, తన తిండిలో ఎవరో కలిపారన్నాడు. చివరికి నాలుగేళ్లు నిషేధం పడింది.

పాత 66 కిలోలు:
అక్కా, నేను ఇదే పని చేసినవాణ్ణి.

2006లో యూనివర్సిటీకి ఆడేవాణ్ణి. నా బరువు 66.5. హాయిగా 66లో ఆడొచ్చు. కానీ ఆ కేటగిరీలో మా దగ్గరే నన్ను రెండుసార్లు చిత్ చేసిన సీనియర్ ఉన్నాడు. అతని మొహం చూడకుండా జట్టులోకి వెళ్లాలని 60కి దిగాను. పైకి మాత్రం "అక్కడైతే నా బలం ఎక్కువ" అని చెప్పుకునేవాణ్ణి. రెయిన్‌కోటు నేనూ వేశాను. చివరి రోజు నీళ్లు బంద్. చూయింగ్ గమ్ నములుతూ బాటిల్లో ఉమ్మేవాళ్లం. సగం బాటిల్ నిండితే పావుకిలో తగ్గినట్టు. హాస్టల్ బాత్రూం తలుపు మూసి వేడినీళ్ల ఆవిరిలో కూర్చుంటే గోడ మీద బల్లి కూడా పారిపోయింది.

తూకం సరిపోయింది. అప్పట్లో తూకం ముందురోజు సాయంత్రం ఉండేది. రాత్రంతా గ్లూకోజు నీళ్లు తాగాను, అరటిపళ్లు తిన్నాను, సగం కక్కేశాను. పొద్దున మొదటి పీరియడ్ గెలిచాను కూడా. రెండో దాంట్లో పిక్కలు రెండూ రాయిలా పట్టేశాయి. అవతలివాడు నా కాలు పట్టాల్సిన పనే లేకపోయింది. తిరుగు రైల్లో మూత్రం డికాక్షన్ రంగులో వచ్చింది. కండరాలు కరిగి కిడ్నీల మీద పడ్డాయన్నాడు డాక్టరు. నాలుగు రోజులు సెలైన్.

నాకు రాత్రంతా టైమ్ ఉండి కూడా ఇదీ గతి. 2018 నుంచి అంతర్జాతీయ కుస్తీలో తూకం ఆట రోజు పొద్దున్నే. మీ వాడికి రెండు గంటలు దొరికితే ఎక్కువ. ఒంట్లోంచి పోయిన నీళ్లు అంత త్వరగా తిరిగి నిండవు. సెలైన్ ఎక్కించుకుంటే సరి అని తాలీంలో (కుస్తీ నేర్పే చోట) ఎవరైనా అంటే నమ్మొద్దు. ఆసుపత్రి చికిత్సలో భాగంగా తప్ప, 12 గంటల్లో 100 మిల్లీలీటర్లు దాటితే అదీ నిషేధమే.

ఆ రెయిన్‌కోటు దాచేయండి. 1997లో అమెరికాలో ఐదు వారాల లోపే ముగ్గురు కాలేజీ కుస్తీ కుర్రాళ్లు ఇలాగే బరువు దించుతూ చనిపోయారు. ఆ తర్వాతే అక్కడి కాలేజీల్లో రబ్బరు సూట్లూ ఆవిరి గదులూ బంద్ చేశారు.

ఒక్కటి అడగండి వాణ్ణి: 55 కిలోల్లో ఎవరున్నారు?

దంగల్ కుర్రాడు:
అన్నా, మరీ భయపెడుతున్నావు. వెయిట్ కట్ చేయని రెజ్లర్ ఎవడున్నాడు? పారిస్ ఒలింపిక్స్‌లో సెమీస్ ఓడిన రాత్రి మన అమన్ సెహ్రావత్ పది గంటల్లో 4.6 కిలోలు దించి, పొద్దున తూకం దాటి, 57 కిలోల్లో కాంస్యం తెచ్చాడు కదా.

పాత 66 కిలోలు:
తెచ్చాడు తమ్ముడూ, ఆ రాత్రి నేనూ నిద్రపోలేదు. కానీ అతనికి ఇరవయ్యొక్కేళ్లు. పక్కన కోచ్‌లు తెల్లవార్లూ కూర్చున్నారు. మ్యాట్, వేడినీళ్లు, ఆవిరి, ట్రెడ్‌మిల్‌తో దించారు, నానమ్మ మాత్రతో కాదు. అదే పారిస్‌లో రెజ్లర్ వినేశ్ ఫోగట్ సంగతి? 53లో ఆడేది, ఆ చోటు ఇంకో అమ్మాయికి దక్కితే 50కి దిగింది. ఒక్కరోజులో మూడు కుస్తీలు గెలిచింది, అందులో జపాన్ ఒలింపిక్ ఛాంపియన్ సుసాకిని ఓడించింది. జుట్టు కత్తిరించుకున్నా తెల్లారేసరికి 100 గ్రాములు ఎక్కువ. ఫైనల్ పోయింది, ఆఖరి స్థానంలో పెట్టారు. మన నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల్లో ప్రపంచ ఛాంపియన్. ఒలింపిక్స్‌లో ఆ కేటగిరీ లేక 50కి రావాల్సి వచ్చింది, రెండో బౌట్‌కే వెనక్కొచ్చింది. వాళ్లకి వేరే దారి లేదు. ఈ పిల్లాడికి 55 ఉంది, ఇంకా ఎదిగే వయసు.

అన్నట్టు, మా సీనియర్ సంగతి చెప్పలేదు కదూ. ఆ ఏడు మోకాలు దెబ్బతిని సెలక్షన్స్‌కే రాలేదు.

కరీంనగర్ అమ్మ:
అందరికీ థాంక్స్. ఉదయం డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాం. పొటాషియం తక్కువుందన్నారు, మందులిచ్చారు, ఈ వారం ప్రాక్టీసు వద్దన్నారు. మాత్రల సంగతి నేనే చెప్పాను, వాడు గోడ కేసి చూస్తూ కూర్చున్నాడు.

ఆటోలో అడిగాను, 55లో ఎవరున్నారని. చాలాసేపటికి ఒక పేరు చెప్పాడు. పోయినేడు వీణ్ణి నిమిషంలో చిత్ చేసినవాడట. ఇంటికొచ్చి రెండు ముద్దలు పెరుగన్నం తిన్నాడు.

కానీ ఒకటి మిగిలింది. వాడు వేసుకున్నది రెండే అట. మిగతా రెండు తాలీంలో ఇంకో పిల్లాడికిచ్చాడు. ఆ పిల్లాడి అమ్మ నాకు ముఖపరిచయం మాత్రమే, కూరగాయల మార్కెట్లో కనబడితే నవ్వుకుంటాం. ఇప్పుడే నంబరు దొరికింది, చేస్తున్నాను. ఏమని మొదలుపెట్టాలో తెలియట్లేదు.