ఐపీఎల్ ఫాంటసీ అంచనాలకు అభిమానుల పోస్టుల్లోని భావోద్వేగం పనికొస్తుందా?

మిడాఫ్ అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. మిత్రులం కొందరం డబ్బు ప్రమేయం లేకుండా ఐపీఎల్ ఫాంటసీ లీగ్ (నిజమైన ఆటగాళ్లతో ఊహా జట్లు కట్టి, మ్యాచ్‌లో వారి ఆటను బట్టి పాయింట్లు వేసుకునే పోటీ) నడుపుకుంటున్నాం. ఆటగాడి ఇటీవలి ఇన్నింగ్స్, మైదానం, ప్రత్యర్థి బౌలింగ్ చూసి అతనికి తర్వాతి మ్యాచ్‌లో ఎన్ని పాయింట్లు రావచ్చో చెప్పే మోడల్ ఒకటి తయారుచేశాను. దానికి తోడుగా, మ్యాచ్‌కు ముందు అభిమానులు అతని గురించి తెలుగులోనూ ఇంగ్లిషులోనూ రాసిన పోస్టులను సేకరించి, రాతలోని భావం అనుకూలమో ప్రతికూలమో లెక్కించే వేడర్ అనే సెంటిమెంట్ టూల్‌తో ఒక్కో పోస్టుకు మైనస్ 1 నుంచి ప్లస్ 1 దాకా స్కోరు వేయించి, ఆ సగటును కూడా మోడల్‌కు ఇచ్చాను. 2024 సీజన్ డేటాతో శిక్షణ ఇచ్చి 2025 సీజన్‌పై పరీక్షిస్తే అంచనాల్లో తప్పు ఏమాత్రం తగ్గలేదు. లోపం టూల్‌లో ఉందా, లేక ఆలోచనలోనే ఉందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

ఉప్పల్ గ్యాలరీ జవాబు:

మిడాఫ్ గారూ, లోపం ప్రధానంగా ఆలోచనలోనే ఉందని నా అభిప్రాయం. మీరు పరీక్షించిన 2025 సీజన్‌లోనే సన్‌రైజర్స్ మ్యాచ్‌లను గమనించండి. మార్చి 23న ఉప్పల్‌లో రాజస్థాన్‌పై ఇషాన్ కిషన్ 47 బంతుల్లో 106 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచాడు. ఆ రాత్రి నుంచి అతని పేరున్న ప్రతి పోస్టూ పొగడ్తే. నాలుగు రోజుల తర్వాత అదే మైదానంలో లక్నోపై తొలి బంతికే ఔటయ్యాడు. అభిషేక్ శర్మ విషయంలో సరిగ్గా దీనికి విరుద్ధంగా జరిగింది. తొలి ఐదు ఇన్నింగ్స్‌లో కలిపి 51 పరుగులే చేయడంతో అతన్ని పక్కన పెట్టాలన్న మాట బలంగా వినిపించింది. ఏప్రిల్ 12న పంజాబ్‌పై అతను 55 బంతుల్లో 141 కొట్టాడు.

ఈ రెండు ఉదాహరణలతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు, కానీ కారణం మాత్రం వీటిలో స్పష్టంగా కనిపిస్తుంది. అభిమాని రాసేది నిన్నటి స్కోరుకు ప్రతిధ్వని. ఆ స్కోరు మీ మోడల్‌లో ముందే ఉంది కాబట్టి, అదే సమాచారాన్ని మరింత రొదతో కలిపి రెండోసారి ఇచ్చినట్టవుతోంది.

పైగా కోపం ఎందుకు వచ్చిందో ఆ సగటు చెప్పదు. 2024లో హార్దిక్ పాండ్యాపై వెల్లువెత్తిన ఆగ్రహానికి మూలం అతని ఆట కాదు, రోహిత్ శర్మ స్థానంలో ముంబై కెప్టెన్సీ అతనికి ఇవ్వడం. ఆ సీజన్ అతనికి బాగా సాగలేదన్నది నిజమే. అయితే అదే ఏడాది జూన్ 29న టీ20 ప్రపంచకప్ ఫైనల్లో చివరి ఓవర్ వేసి భారత్‌ను గెలిపించినవాడూ అతనే.

పోస్టుల్లో, వార్తల్లో నిజంగా విలువైనవి ఏ భావోద్వేగమూ లేని వాక్యాలు. వెన్ను గాయంతో 2025 సీజన్ ఆరంభ మ్యాచ్‌లకు దూరమైన బుమ్రా ఏప్రిల్ 7న బెంగళూరుపై తిరిగి బరిలోకి దిగాడు. ‘బుమ్రా జట్టుతో చేరాడు’ అన్న వాక్యానికి సెంటిమెంట్ టూల్ వేసే స్కోరు సున్నాకు దగ్గరగా ఉంటుంది. మీ అంచనాకు మాత్రం దాని విలువ పూర్తి నాలుగు ఓవర్లు. అందుచేత సెంటిమెంట్‌ను పక్కనపెట్టి, గాయం, విశ్రాంతి, పునరాగమనం, బ్యాటింగ్ క్రమంలో మార్పు అనే నాలుగు సంగతులను వార్తల నుంచి ఏరి మోడల్‌కు ఇవ్వమని నా సలహా.

లెగ్‌కట్టర్ జవాబు:

పై జవాబుతో ఏకీభవిస్తూనే టూల్ గురించి ఒక మాట చెప్పాలి. వేడర్ 2014లో ఇంగ్లిషు సోషల్ మీడియా రాతల కోసం తయారైంది. అది పదాల జాబితాపై ఆధారపడుతుంది కనుక తెలుగు లిపిలోని పదాలను గుర్తించనే గుర్తించదు. మన అభిమానులేమో ‘ఊచకోత’, ‘విధ్వంసం’, ‘బౌలర్లను ఉతికి ఆరేశాడు’ అని మెచ్చుకుంటారు. ఈ మాటలను ఇంగ్లిషులోకి మార్చి ఇస్తే పొగడ్త కాస్తా తిట్టుగా నమోదవుతుంది. ‘ఏం ఆడాడ్రా బాబూ’ అన్నది సెంచరీకీ వాడతారు, పది బంతులు వృథా చేసినప్పుడూ వాడతారు. దానికి తోడు సగం పోస్టులు ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన తెలుగే. భారతీయ భాషల కోసం గూగుల్ విడుదల చేసిన మ్యూరిల్ మోడల్‌కు ఇలాంటి లిప్యంతరీకరణ పాఠంతో కూడా శిక్షణ ఇచ్చారు కాబట్టి దాన్ని ప్రయత్నించవచ్చు. అయితే ముందు కొన్ని వందల పోస్టులను మీరే చదివి, ప్రతి పోస్టు ఎవరి గురించో, ఆట గురించో కెప్టెన్సీ గురించో గుర్తులు పెట్టుకుని, వాటితో ఆ మోడల్‌కు మళ్లీ శిక్షణ ఇవ్వండి. ఇది ఓపికతో చేయాల్సిన పనే కానీ దీనికి దగ్గరిదారి లేదు.

మిడాఫ్:

ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే ఇంత కష్టపడి సేకరించిన సెంటిమెంట్ స్కోరు ఇక దేనికీ ఉపయోగపడదా?

ఉప్పల్ గ్యాలరీ:

ఉపయోగపడుతుందండీ, కాకపోతే వేరే ప్రశ్నకు. ఆటగాడు ఎన్ని పరుగులు చేస్తాడో అది చెప్పలేదు కానీ, మీ లీగ్‌లో మిగతావాళ్లు ఎవరిని ఎంచుకుంటారో, ఎవరిని కెప్టెన్ చేస్తారో చాలావరకు చెప్పగలదు. అందరూ ఒకే ఆటగాడిని కెప్టెన్ చేసినప్పుడు అతను సెంచరీ కొట్టినా మీరు ఎవరినీ దాటలేరు. మీ మోడల్ దాదాపు సమానంగా అంచనా వేసిన ఇద్దరిలో జనం విమర్శిస్తున్నవాణ్ని తీసుకుంటే, అతను బాగా ఆడిన రోజున మీకు ఆధిక్యం దక్కుతుంది. కాబట్టి ఆ స్కోరును పాయింట్ల మోడల్ నుంచి తీసేసి, ఎంపికల శాతాన్ని అంచనా వేసే మరో చిన్న మోడల్‌కు ఇవ్వండి.

లెగ్‌కట్టర్:

దీనికి ఒక జాగ్రత్త చేర్చాలి. ప్రతి పోస్టు పక్కన అది రాసిన సమయాన్ని తప్పక భద్రపరచండి. రాత్రి మ్యాచ్‌కు టాస్ 7 గంటలకు పడుతుంది. మీ లీగ్‌లో జట్టు మార్పులకు గడువు టాస్ కంటే ముందే ముగిసేటట్లయితే, ఆ తర్వాత రాసిన ఒక్క పోస్టు కూడా పరీక్షలోకి రాకూడదు. మ్యాచ్ మధ్యలో ఒక ఆటగాడి స్థానంలో మరొకరిని దించే ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన 2023 నుంచి ఉండటంతో, టాస్ వేళ తుది జట్టుతో పాటు ఐదుగురు ప్రత్యామ్నాయ ఆటగాళ్ల పేర్లూ ప్రకటిస్తారు. 2025లో ముంబై ముందు ఫీల్డింగ్ చేసిన మ్యాచ్‌ల్లో రోహిత్ శర్మ పలుమార్లు ఆ ఐదుగురిలోనే ఉండి తర్వాత బ్యాటింగ్‌కు దిగాడు. తుది జట్టులో పేరు లేదన్న కారణంతో అలాంటి ఆటగాడికి మీ మోడల్ సున్నా వేస్తోందేమో ముందుగా సరిచూసుకోండి.